మూల కాసే ఆటగాడు
(విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ రోజు కబడ్డీ గురించి రెండు మాటలు చెబుతాను.

మన బళ్ళారి పల్లెల్లో కూతకు వెళ్ళి ఇద్దర్ని తాకి వచ్చినవాడికే ఈలలు, చప్పట్లు. కాలేజీలో నేనూ కూతగాణ్ణే. మూలలో నిలబడమంటే నామోషీగా ఉండేది. ఒక పోటీలో ఎదుటివాడు లోపలికి రాకముందే తొందరపడి మీదికి దూకాను. నేను వదిలిన సందులోంచే తప్పించుకుపోయాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

మూలవాడి పని ఓపికగా కాచుకుని చీలమండ పట్టడం, తన పక్కనుంచి దారి ఇవ్వకపోవడం. ఔటై బయట కూర్చున్న మేటి కూతగాడు మళ్ళీ బరిలోకి రావాలన్నా, లోపలున్నవాళ్ళు ఎదుటివాళ్ళను ఔట్ చేస్తేనే కదా!

పవన్ సెహ్రావత్ 2019 జనవరిలో ప్రొ కబడ్డీ ఫైనల్లో 22 పాయింట్లు తెచ్చి బెంగళూరు బుల్స్‌ను గెలిపించాడు. 2023లో తెలుగు టైటాన్స్ అతణ్ణి 2.6 కోట్లకు పైగా పెట్టి తీసుకుంది. ఆ సీజన్‌లో అతను కూతలో బాగానే రాణించాడు. అయినా జట్టు 22 ఆటల్లో రెండే గెలిచి, 12 జట్లలో ఆఖరున నిలిచింది. తెచ్చేవాడొక్కడుంటే చాలదు, కాచేవాళ్ళూ కావాలి.

బ్యాంకులోనూ అంతే. డిపాజిట్లు తెచ్చినవాడికి పేరు వస్తుంది. కానీ సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే ఎవరూ ఇంటికి వెళ్ళలేరు.

పిల్లలూ, మార్కులు తెచ్చే సబ్జెక్టుతోపాటు భయపెట్టే సబ్జెక్టునూ కాచుకోండి. తల్లిదండ్రులారా, "ఎన్ని పాయింట్లు తెచ్చావు?" అని అడిగినప్పుడు, "మూల కాచావా?" అని కూడా అడగండి.