పక్కింటివారి తోడు కూడా వైద్యమే

మీ రోగి మంచం పక్కన రాత్రీ పగలూ కాచుకొని ఉన్న మీతో నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

మన గుమ్మఘట్ట, రాయదుర్గం పల్లెల్లో వానలు లేక, వేరుశనగ పండక ఎందరో బెంగళూరుకు, బళ్ళారికి వెళ్ళి బ్రతుకుతున్నారు. అక్కడ పక్కగదిలో ఎవరున్నారో తెలియదు. ఫోనులో మాత్రం ఊరివాళ్ళ వాట్సాప్ గ్రూపు ఉంటుంది. అది మంచిదే. రక్తం కావాలంటే దాతలు దొరుకుతారు. ఆస్పత్రి ఖర్చుకు తలా కొంత వేస్తారు. అయితే కొన్ని పనులు ఫోను వల్ల కావు.

పక్షవాతం సంగతే చూడండి. మూతి వంకర పోతుంది, ఒక చెయ్యి పడిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉంటే దాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. అంతకుముందు స్కానింగ్ కూడా చేయాలి. రోగి తనంతట తాను ఫోను చేయలేకపోవచ్చు. గ్రూపులో వందమంది ఉన్నా, ఆ గంటలో తలుపు తట్టి చూసేది పక్కింటివారే.

సూదితో పది వేళ్ళు గుచ్చి రక్తం తీస్తే పక్షవాతం తగ్గుతుందని ఫోనుల్లో తిరిగే మాట అబద్ధం. అలా చేస్తూ సమయం పోగొట్టుకోకండి. వెంటనే 108కి ఫోను చేయండి. 2005లో మన రాష్ట్రంలో మొదలైన ఈ నంబరు కర్ణాటకలోనూ పనిచేస్తుంది.

ఒంటరితనం కూడా ఆరోగ్యాన్ని చెరుపుతుంది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు దానితో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో తెలిపింది. పిల్లలను నగరానికి పంపి ఊరిలో మిగిలిన పెద్దవాళ్ళకూ ఈ బాధ ఉంది.

కాబట్టి రోగిని ఇంటికి తీసుకువెళ్ళగానే ఈ పనులు చేయండి:

1. కుడి ఎడమ ఇళ్ళవారితో పరిచయం చేసుకోండి. బెంగళూరైనా భయపడవద్దు, సరిహద్దులో ఉన్న మనకు కన్నడం కొత్త కాదు కదా!

2. మీ నంబరు వారికి ఇవ్వండి, వారి నంబరు దూరాన ఉన్న మీ పిల్లలకు ఇవ్వండి.

3. రోగి జబ్బు పేరు, వేసుకొనే మాత్రలు ఒక కాగితం మీద వ్రాసి, అది ఎక్కడ పెట్టారో వారికి చూపించండి.

4. రోగి ఒంటరిగా ఉంటే, ప్రొద్దున్నే ఒకసారి పలకరించమని వారిని అడగండి.

5. వారింట్లో ఎవరికైనా జ్వరమొస్తే పిలవకముందే మీరు వెళ్ళండి.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళు మేము చూసుకుంటాము. ఇంటికి వెళ్ళాక ఎవరు చూస్తారో డిశ్చార్జికి ముందే ఆలోచించుకోండి.