కోబాల్ నుంచి జావాకు: మన పైసల సంగతి



ఎర్రగుంట్లలో సిమెంటు నమ్ముకున్నవాళ్ళమైనా, థర్మల్ కేంద్రంలో చేసినవాళ్ళమైనా మనందరికీ నెలాఖరు పేస్లిప్పే పంచాంగం. జీతాల లెక్కలకు లోకమంతా వాడిన భాష కోబాల్, 1959లో మొదలైంది. అప్పట్లో జాగా పొదుపు కోసం సంవత్సరానికి రెండంకెలే ఇచ్చేవారు. 1931లో పుట్టినాయన వయసు 2000లో ఎంత? 00 లోంచి 31 తీస్తే మైనస్ 31. మైనస్ గుర్తుకు చోటులేని గడిలో అది 31గానే పడుతుంది. 69 ఏళ్ళ పెద్దాయన నవయువకుడు! నవ్వొస్తుంది గానీ, పింఛను నవ్వులాట కాదు.

ఆ పాత ప్రోగ్రాములను జావాలోకి మారుస్తున్నారు. మాటకు మాట మారిస్తే చాలదు. కోబాల్ పైసలను మనలాగే దశాంశాల్లో లెక్కిస్తుంది. జావాలో 'డబుల్' అనే రకం వాడితే పది పైసలు, అంటే 0.1 రూపాయి, కచ్చితంగా నిలవదు. ఒకట్లు, సున్నాల లెక్కలో అది తెగని భిన్నం. అందుకు 'బిగ్‌డెసిమల్' వాడాలి. పైగా, 'రౌండెడ్' అని చెప్పకపోతే కోబాల్ మిగులును కత్తిరించేస్తుంది. కొత్తదీ అక్కడే కత్తిరించాలి, లేకుంటే బకాయిల పట్టీ పాతదానితో కలవదు.

కొన్ని నెలలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి పైసాకు పైసా సరిచూడాలని నా గట్టి అభిప్రాయం. అందాకా మీ పాత పేస్లిప్పులు, పీపీఓ కాగితం పారేయకండి. వయసును బట్టి అదనపు పింఛను వచ్చేవారు రికార్డులో పుట్టిన సంవత్సరం నాలుగంకెల్లో ఉందేమో ఒకసారి అడిగి చూసుకోండి.