వెలుగులోని చుక్కలు



పట్టభద్రులారా, ఇంటికెళ్లాక లేజర్ పాయింటర్‌ను సున్నం గోడ మీద వేసి చూడండి. దూరానికి నున్నటి ఎర్ర మచ్చ. దగ్గరికెళ్తే ఇసుక చల్లినట్టు చుక్కలు. గరుకు గోడ నుంచి తిరిగొచ్చే తరంగాలు కొన్నిచోట్ల కలిసి బలపడతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

గోడ మీద ఈ చుక్కలతో మనకు నష్టం లేదు. లేజర్ సంలీనంలో, అంటే లేజర్‌తో నొక్కి పరమాణు కేంద్రకాలను కలిపే పనిలో, మాత్రం అవే కొంప ముంచుతాయి. మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే ఇంధన గుళికను అన్ని పక్కల నుంచీ సమంగా నొక్కాలి. ఒకచోట వెలుగు కాస్త ఎక్కువైతే అక్కడ సొట్ట పడుతుంది. గుళిక ముడుచుకుంటున్నకొద్దీ సొట్ట లోతవుతుంది. రేలీ-టేలర్ అస్థిరత అంటే ఇదే. ఇంధనం మండకముందే పెంకు చీలిపోతుంది.

అయితే లేజర్‌ను ఇంకా శుద్ధి చేద్దాం అంటారు మీరు. మన పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి పీచుల్ని ఒక దారికి తెస్తారు, సన్నటి నూలు కోసం. లేజర్ దగ్గర ఆ దారి పనిచెయ్యలేదు. తరంగాల క్రమశిక్షణే అక్కడ అసలు జబ్బు!

అందుకే క్రమాన్ని కావాలనే చెడగొట్టారు. 1984లో జపాన్‌లో ఒసాకా శాస్త్రవేత్తలు పుంజానికి అడ్డంగా ఒక గాజు పలక పెట్టారు. దాని మీది చిన్న చిన్న గళ్లలో కొన్ని వెలుగును అర తరంగం ఆలస్యం చేస్తాయి. పుంజం ముక్కలై, ముక్కలన్నీ గుళిక మీద ఒకే చోట పడ్డాయి. పెద్ద మరకలు పోయాయి, సన్న చుక్కలు మిగిలాయి. 1989లో అమెరికాలోని రోచెస్టర్ బృందం వెలుగు రంగును రవ్వంత వెడల్పు చేసి, చుక్కలు క్షణం కూడా ఒకచోట నిలవకుండా పరిగెత్తించింది. సగటున ఎగుడుదిగుడు సర్దుకుంది. అక్కడి 60 పుంజాల ఒమెగా లేజర్‌కు ఈ ఉపాయాన్ని వాడుతున్నారు.

2022 డిసెంబరు 5న అమెరికాలోనే లివర్‌మోర్ ప్రయోగశాలలో 2.05 మెగాజౌళ్ల లేజర్ వెలుగుకు సంలీనం నుంచి 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. పేపర్లు పండగ చేసుకున్నాయి. కరెంటు తీగల నుంచి లేజర్ తాగింది మాత్రం సుమారు 300 మెగాజౌళ్లు. పైగా అక్కడ వెలుగు నేరుగా గుళికను తాకదు, చుట్టూ ఉన్న లోహపు డబ్బాను వేడిచేస్తుంది. నేరుగా కొట్టి మండించడం ఇంకా ఎవరికీ చేతకాలేదు.

మన కొవ్వాడలో తలపెట్టిన అణు రియాక్టర్లు కూడా ఈ సంలీనం రకమేనా అని రణస్థలం వైపు పిల్లలు అడుగుతారు. కావు, అవి పరమాణు కేంద్రకాన్ని చీల్చేవి.

భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు ఇండోర్‌లోని రాజా రామన్న పరిశోధన కేంద్రం ఉద్యోగ ప్రకటనలు చూస్తూ ఉండండి. అధిక శక్తి లేజర్లు అక్కడ మనవాళ్లే కడుతున్నారు.