కెమెరా కూర్చున్న చోటు



ఏటా మాస్టారి జ్ఞాపకార్థం ఈ వేదిక మీద సాహిత్యం గురించే మాట్లాడుతున్నారు. టీవీ హాస్యం గురించి చెబుతానంటే నిర్వాహకులు కాస్త ఆలోచించి సరేనన్నారు. మాస్టారైతే ఆలోచించేవారు కూడా కాదు. మా వీధిలో మొదటి టీవీ ఆయన ఇంటికే వచ్చింది. ఆదివారం సాయంత్రం సినిమా వేళకి ఆయన దాన్ని కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, తెరను వీధివైపు తిప్పేవారు. ఇంట్లోవాళ్లు పక్కనుంచి మెడ వంచి చూసేవారు. అరుగు మీదా, అరుగు కిందా చేరిన మేం ఎదురుగా కూర్చుని చూసేవాళ్లం. బ్రిటిష్ టీవీ హాస్యం గురించి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాక నాకు అర్థమైందేమిటంటే, పాత్రలు నోరు విప్పకముందే వాళ్ల తాహతు గురించి చెప్పాల్సినదంతా కెమెరా చెప్పేస్తుంది. అది ఎక్కడ కూర్చుంది, ఎంత ఎత్తున కూర్చుంది, ఎవరివైపు తిరిగింది అన్నదే నా ఉపన్యాస విషయం.

1966 ఏప్రిల్‌లో బీబీసీ ‘ది ఫ్రాస్ట్ రిపోర్ట్’ కార్యక్రమంలో ఒక చిన్న స్కెచ్ వచ్చింది. అందులో ఇల్లూ లేదు, సామానూ లేదు. ముగ్గురు మగవాళ్లు వరసగా నిలబడ్డారు, అంతే. ఒక చివర జాన్ క్లీజ్, నెత్తిన నల్లటి బౌలర్ టోపీ. మధ్యలో రానీ బార్కర్, మామూలు ఫెల్ట్ టోపీ. ఇంకో చివర రానీ కార్బెట్, గుడ్డ టోపీ, మెడలో మఫ్లర్. క్లీజ్ ఆరున్నర అడుగులకు ఒక్క అంగుళం తక్కువ. కార్బెట్ అయిదడుగుల పైన ఒక్క అంగుళం. పై తరగతి, మధ్య తరగతి, కింది తరగతి అని బోర్డులు కట్టనక్కర్లేదు. మధ్యలో ఉన్నవాడి చూపు ఒకసారి పైకి పోతుంది, ఒకసారి కిందికి వస్తుంది. ఈ ఏర్పాటులో ఎవరికేం దక్కిందో చివర్లో ఒక్కొక్కరూ చెబుతారు. పైవాడికి గొప్పవాణ్నన్న భావన దక్కింది. మధ్యవాడికి పైవాడి ముందు చిన్నతనం, కిందివాడి ముందు పెద్దరికం దక్కాయి. కార్బెట్‌కి దక్కింది మెడనొప్పి. తరగతి భేదం ఒంట్లో ఎక్కడ నొప్పెడుతుందో ఇంత క్లుప్తంగా చూపించిన దృశ్యం నేను ఇంకొకటి చూడలేదు.

ఒక చిక్కు గమనించండి. ముగ్గురినీ ఒకే ఫ్రేములో పట్టాలంటే కెమెరా వెనక్కి జరగాలి. కార్బెట్ ముఖం దగ్గరికి వెళ్తే క్లీజ్ తల తెగిపోతుంది. సమాజం మొత్తం కనబడాలంటే మనిషికి దూరం కావాలి. మనిషి కనబడాలంటే మిగతా సమాజాన్ని ఫ్రేము బయట వదిలేయాలి. హాస్య ధారావాహికలన్నీ ఈ చిక్కును ఏదో ఒక రకంగా విప్పుకోవాల్సి వచ్చింది.

గాల్టన్, సింప్సన్ అనే రచయితల ద్వయం 1962లో మొదలుపెట్టిన ‘స్టెప్టో అండ్ సన్’ దీన్ని సామానుతో విప్పింది. లండన్‌లో గుర్రబ్బండి మీద తిరుగుతూ పాత సామాన్లు పోగేసే తండ్రీకొడుకులు ఆల్బర్ట్, హారొల్డ్. వాళ్ల ముందు గదిలో అస్థిపంజరంతో సహా ఊళ్లోవాళ్లు వద్దనుకున్న సరుకంతా ఉంటుంది. హారొల్డ్‌కి పెద్ద చదువుల మీద, మంచి సంగీతం మీద ఆశ. అతను మాట్లాడుతున్నంతసేపూ అతని భుజం వెనక ఆ సరుకు కనబడుతూనే ఉంటుంది. ఆశలు మాటల్లో, పరిస్థితి వెనకాల.

1972లో వచ్చిన ‘డివైడెడ్ వి స్టాండ్’ భాగంలో ఇద్దరూ పోట్లాడుకుని ఇంటి మధ్య చెక్కలతో అడ్డుగోడ కట్టేస్తారు. రాకపోకలకు తిరిగే గేటు పెడతారు. టీవీ తెర కూడా సగం ఇటు, సగం అటు. స్టూడియోలో ప్రేక్షకుల ఎదుట, నాటకంలాగా ముందువైపు నుంచి తీసిన సీరియల్ ఇది. కాబట్టి గోడకు రెండువైపులా ఏం జరుగుతోందో ఒకేసారి కనబడేది మనకే. లోపల ఉన్న ఇద్దరికీ ఆ వీలు లేదు. పంచుకోవడానికి ఏమీ లేని ఇంట్లో పంపకాలు జరుగుతుంటే మనం హాల్లో కూర్చుని నవ్వుతాం. నవ్వొచ్చినప్పుడల్లా నాకు గుండె పట్టేసినట్టుంటుంది.

స్టూడియో పద్ధతి గురించి ఒక మాట. పలు కెమెరాలు ఒకేసారి తిరగాలంటే వెలుతురు అన్నివైపులా సమానంగా పడాలి. అమెరికాలో 1951లో ‘ఐ లవ్ లూసీ’ కోసం కార్ల్ ఫ్రాయిండ్ అనే ఛాయాగ్రాహకుడు అలాంటి లైటింగును స్థిరపరిచాడు. ‘మెట్రోపాలిస్’ సినిమాకు పనిచేసినవాడు, నీడలతో ఆడుకున్నవాడు, ఇక్కడ నీడల్ని తుడిచేశాడు. పని సులువైంది కానీ, పేదింటి చీకటి కూడా తుడిచిపెట్టుకుపోయింది. ఒంటి బల్బు కింద అన్నం తినే ఇల్లు ఎలా ఉంటుందో ఆ వెలుతురులో కనబడదు.

మళ్లీ బ్రిటన్‌కు వస్తే, ‘కీపింగ్ అప్ అప్పియరెన్సెస్’ చాలామందికి ప్రియమైన సీరియల్. 1990 నుంచి 1995 దాకా వచ్చింది. ఇంటిపేరు ‘బకెట్’ అయితే ‘బుకే’ అని పలకమనే హయసింత్‌గా ప్యాట్రీషియా రౌట్లెజ్ నటన గొప్పది. హయసింత్ ఖరీదైన కప్పులో టీ పోసి ఇస్తే పక్కింటి ఎలిజబెత్ చేతులు వణికిపోతాయి. కప్పు పగులుతుందన్న భయమే ఆ వణుకు. అయినా ఈ సీరియల్‌తో నాకో పేచీ ఉంది. హయసింత్ చెల్లెలి ఇంటి ముందు పాడైపోయిన కారు, అందులోంచి మొరిగే కుక్క, లోపల బనీనుతో సోఫాలో పడి ఉండే మరిది. ప్రతివారం అదే దృశ్యంతో ఆ ఇంట్లోకి వెళ్తాం. పాత కారు కనబడగానే నవ్వాలని మనకు అలవాటు చేశారు. అక్కడ కెమెరా హయసింత్ కళ్లతోనే చూస్తుంది. పేదరికం దానికి గుర్తుపట్టే జెండాలాగా పనికొచ్చింది.

1998లో ‘ది రాయల్ ఫ్యామిలీ’ వచ్చింది. మాంచెస్టర్‌లో ఒక కార్మిక కుటుంబం. వాళ్ల ఇంటిపేరు రాయల్, రాచరికంతో సంబంధం లేదు. కారొలిన్ ఆహెర్న్, క్రెయిగ్ క్యాష్ తదితరులు రాశారు. నవ్వుల శబ్దం పెట్టకూడదని, స్టూడియోలో ప్రేక్షకులు ఉండకూడదని ఆహెర్న్ పట్టుబట్టింది. ఒకే కెమెరా, ఫిల్ము మీద చిత్రీకరణ. కథ దాదాపుగా వాళ్ల ముందు గది దాటదు. గదిలో సోఫా, కుర్చీ, సిగరెట్ పొగ, నిండిన యాష్‌ట్రే, టీ కప్పులు, ఎప్పుడూ మోగుతుండే టీవీ.

కుటుంబమంతా టీవీ చూస్తుంది, మనం వాళ్లని చూస్తాం. చాలాసార్లు కెమెరా ఉన్నది ఆ టీవీ ఉన్న చోటే. తండ్రి జిమ్ మన కళ్లలోకి చూస్తున్నట్టే ఉంటాడు, చూసేది మాత్రం తన కార్యక్రమాన్ని. ముఖాల మీద తెర వెలుగు కదులుతుంటుంది. కెమెరా ఎత్తు సోఫాలో కూర్చున్న మనిషి కళ్ల ఎత్తు. ఎప్పుడు నవ్వాలో చెప్పేవాళ్లు లేరు. మీరూ ఆ గదిలో ఒక మూల కూర్చున్నవారే అవుతారు. మొదటిసారి చూసినప్పుడు, మా మేనత్త ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక అందరం మాట్లాడకుండా కూర్చున్న గది గుర్తొచ్చింది. ఆ మౌనం కోపంతో వచ్చింది కాదు. పొద్దంతా పని చేసొచ్చిన ఒళ్లు అది.

1999 క్రిస్మస్ భాగంలో నిండు చూలాలైన కూతురు డెనీస్‌కి నొప్పులొస్తాయి. బాత్రూములో కింద కూర్చుని భయంతో ఏడుస్తుంటుంది. రోజంతా కుర్చీలోంచి లేవని, నోరు తెరిస్తే వెటకారమే చేసే జిమ్ లోపలికి వెళ్తాడు. పక్కనే నేల మీద కూర్చుని ధైర్యం చెబుతాడు. ఆ ఇంట్లో అన్నిటికంటే ఇరుకైన గదిలోకి కెమెరా కూడా దూరింది. క్రిస్మస్ వేళ దేశమంతా చూసే కార్యక్రమంలో ఓ కార్మిక కుటుంబపు బాత్రూము నేల. దాన్ని జాలిగొలిపేలానూ తీయలేదు, ఎగతాళిగానూ తీయలేదు. వాళ్లిద్దరూ ఎంత కిందికి కూర్చుంటే అదీ అంత కిందికి దిగింది.

ఉపన్యాసం అయ్యాక ఆ ఘట్టం మీకు చూపిస్తారు. తెర కాస్త ఎత్తుగా కట్టమని, ముందు వరస కుర్చీలు తీయించి చాపలు వేయించమని కుర్రాళ్లకు చెప్పాను. బయట అరుగు మీద నిలబడ్డవాళ్లు లోపలికి రండి, చోటుంది.