గుడిబండె పాట, లోకుల పాట
(సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



రైల్వేలో గుమాస్తా పని చేసుకొనే మమ్ము సంగీతమును గురించి మాట్లాడమనుట సంఘము వారి సాహసమే. శాస్త్ర సంగీతము మాకు రాదు. నోటినుండి నోటికి నడిచివచ్చిన పాటను గురించి మాత్రము నాలుగు మాటలు మనవి చేస్తాము.

మాది గుడిబండె. పైన సురసద్మగిరి కోట, దిగువన భైరసాగరము చెరువు. బడిలో కన్నడము, ఇంటిలో తెలుగు. "మీరు కన్నడిగులా?" అని ఇక్కడి కోస్తా మిత్రులు మమ్ము తరచు అడుగుతుంటారు. 1953లో ఆంధ్ర రాష్ట్రము వచ్చినది, 1956లో ఎల్లలు మారినవి, 2007లో కోలారునుండి చిక్కబళ్లాపురము వేరు జిల్లా అయినది. మా విసుర్రాయి దగ్గరి పాట మాత్రము తెలుగులోనే సాగినది. టిక్కెట్టు లేకుండా ఎల్ల దాటునది పాట ఒక్కటే. మా శాఖవారు కూడ దానిని పట్టలేరు.

చింతామణి తాలూకా కైవారములో పద్దెనిమిదవ శతాబ్దమున పుట్టిన నారేయణ యోగి, మా కైవార తాతయ్య, మొదట గాజులమ్ముకొని బ్రతికినారంటారు. తెలుగులోను కన్నడములోను పదములు కట్టినారు. మా పల్లె భజన గుంపులు తంబూర, కంజీర, తాళములతో ఆయన తెలుగు తత్త్వములు పాడుతారు. చేతిలోని పుస్తకము చూడండి, అక్షరములు కన్నడము! పండితులు నవ్వవచ్చును గాని, ఆ పుస్తకములే తత్త్వములను కాచినవి.

ఇది మా సీమకే చెల్లిన వింత కాదు. ఇంగ్లండు పాతపాటలు పోగుచేసిన సెసిల్ షార్ప్, మాడ్ కార్పెలెస్ అను ఆమెతో కలిసి, 1916 మొదలు 1918 వరకు అమెరికాలోని అపలాచియన్ కొండలలో తిరిగినాడు. ఏనాడో వలసపోయిన వారి సంతతి నోట ఇంగ్లండు, స్కాట్లండు పాటలు విన్నాడు. పుట్టింట అరుదైపోయినవి సముద్రమునకు ఆవల బ్రతికియున్నవి.

హంగేరీలో బేలా బార్టోక్, జోల్తాన్ కొదాయ్ అనువారు మైనపు గొట్టములపై పాట పట్టే యంత్రము మోసుకొని పల్లెలు తిరిగినారు. బార్టోక్ స్లోవాకుల పాటలు, రుమేనియా వారి పాటలు కూడ పట్టినాడు. పొరుగువారి పాటలపై అంత మక్కువ ఏలనని 1920లో స్వజనులే కొందరు నిందించినారు. బాణీలు ఒక భాషనుండి మరొక భాషకు పోయి, అక్కడ మారి, తిరిగి వచ్చుచుండునని ఆయన కనుగొన్నాడు. ఈ మాట మా తాలూకా వారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

మా జిల్లా తమటెకు ఏ భాష అని చెప్పగలము? ఎన్నో తరములు ఊరి వెలుపల నిలబెట్టిన వాద్యమది. జాతరకు కావలెను, చావుకు కావలెను, గడప లోపలికి మాత్రము రాకూడదు! పిండిపాపనహళ్ళి మునివెంకటప్పగారికి ఆ తమటెకే 2023లో పద్మశ్రీ వచ్చినది. ఆలస్యమైనా, వచ్చినది.

ఇక పనిపాటల సంగతి. పిండి మిషను వచ్చి విసుర్రాయి ఆగినది. చేతులు బొబ్బలెక్క రాగులు విసరిన తల్లులకు మిషను వరమే. మళ్ళీ విసరమని మేము చెప్పము. కాని రాయి ఒక చుట్టు తిరిగే లోపల ఒక పాదము ముగియవలెనన్నది ఆ పాట లెక్క. మా పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి పాడమంటే రెండు చరణములకే మరచినాననేది. మూలనున్న రాయి దులిపి, గుప్పెడు రాగులు పోసి, పిడి చేతికిచ్చినాము. చెయ్యి తిరిగినది, పాట దానంతట అదే వచ్చినది. పదకొండు చరణములు! ఆమె ఇప్పుడు లేదు.

కనుక సెలవులకు ఊరికి పోవువారికి మా మనవి. బార్టోక్ మోసిన బరువు మీకు లేదు, జేబులో ఫోను ఉన్నది. పాడినవారి ఊరు, ఏ పనిలో పాడేవారు, ఎవరివద్ద నేర్చినారు, ఇవి కూడ అడిగి పట్టండి. పాటను దిద్దవద్దు. "తప్పు పాడుతున్నావు అవ్వా" అంటే అవ్వ నోరు మూసుకొంటుంది. నడుమ కన్నడ మాటలు దొర్లితే దొర్లనివ్వండి. కన్నడ లిపిలో వ్రాసి తెచ్చినా సరే, తెలుగు లిపిలోనికి ఎత్తి వ్రాయుటకు మేమున్నాము. రాత్రి డ్యూటీ లేని ఏ రోజైనా మా ఇంటికి రావచ్చును.