హెర్కిమర్ ‘వజ్రాలు’

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, హెర్కిమర్ కౌంటీలో దొరికే ‘హెర్కిమర్ వజ్రాలు’ నిజానికి వజ్రాలు కావు. అవి స్వచ్ఛమైన క్వార్ట్జ్ స్ఫటికాలు. వజ్రం కాఠిన్యం 10 అయితే వీటిది 7.

అయినా ఖనిజాలు సేకరించేవాళ్లకు ఇవంటే ప్రాణం. కారణం వీటి ఆకారం. మామూలుగా క్వార్ట్జ్ ఒక కొస రాతికి అతుక్కుని పెరుగుతుంది కనుక రెండో కొసే మొనదేలుతుంది. ఇవేమో సుమారు 50 కోట్ల ఏళ్లనాటి డోలమైట్ రాతి గూళ్లలో, చాలావరకు దేన్నీ అంటిపెట్టుకోకుండా పెరిగాయి. అందుకే రెండు కొసలా మొనలే! నడుమ 6, ఇటు 6, అటు 6, మొత్తం 18 ముఖాలు. సానపట్టినంత నున్నగా ఉంటాయి.

మిడిల్‌విల్ దగ్గరి గనుల్లో రుసుము కట్టి ఎవరైనా తవ్వుకోవచ్చు. రాయి మహా గట్టిది. సమ్మెట, ఉలి, కళ్లకు రక్షణ అద్దాలు ఉండాల్సిందే.

గూడు తెరుచుకుంటే స్ఫటికాలతోపాటు కాల్సైట్, డోలమైట్ పలుకులు, ఒక్కోసారి పైరైట్ కూడా కనిపిస్తాయి. కొన్ని స్ఫటికాల లోపల నల్లటి నలుసులుంటాయి. అవి పురాతన చమురు మిగిల్చిన కర్బన పదార్థం. అరుదుగా ఒక నీటిచుక్క చిక్కుకుపోయి ఉంటుంది. స్ఫటికాన్ని వంచితే అందులో బుడగ కదులుతుంది. కళ్లారా చూసి తీరాల్సిన ముచ్చట అది.

దొరికిన ప్రతిదానికీ గని పేరు, తేదీ రాసిన చీటీ జతచేయాలి. ఎక్కడిదో తెలియని నమూనా శాస్త్రవేత్తలకు పెద్దగా పనికిరాదు.