దస్త్ర మొకటి, చిరునామా యొకటి

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా యేర్పడి, నరసరావుపేట దానికి కేంద్రమైనది. ఇట్టి చోటి కార్యాలయములలో ఒకే దస్త్రమును పలువురు తమ తమ కంప్యూటర్లలో చూడవలసివచ్చును. ప్రతివారికి నకలు పంపినచో, ఒకదానిలో దిద్దిన రైతు పేరు మరొకదానిలో తప్పుగానే నిలుచును, నష్టము రైతుది. కావున దస్త్రమును నెట్‌వర్కులో ఒకచోట నుంచి, దాని చిరునామాను తెలుపవలెను.

“జడ్ డ్రైవులో నున్నది” యనిన చాలదు. ఆ యక్షరము మీ కంప్యూటరుకు మాత్రమే గుర్తు. పొరుగువారి కంప్యూటరులో అది వేరొక చోటును చూపవచ్చును. ఉత్తరముపై “మా యింటి ప్రక్క సందు” అని వ్రాసిన చేరునా? విండోసులో రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వరు పేరు, ఫోల్డరు, దస్త్రము పేరు వరుసగా, నడుమ నొక్కొక్క బ్యాక్‌స్లాష్‌తో, వ్రాయవలెను.

చిరునామా తెలిసినంతనే తలుపు తెరచుకొనదు. చదువువా రెవరు, దిద్దువా రెవరు అను ననుమతిని వేరుగా నీయవలెను. అందరికి దారి తెలియవలెను. తాళము తగినవారి చేత నుండవలెను.